స్ట్రైపర్ కోసం ఒడ్డున నిలబడ్డప్పుడు మనసు చెప్పేది ఎలా వినాలి

కొత్తగా సర్ఫ్ ఫిషింగ్, అంటే సముద్రం ఒడ్డున నిలబడి గాలంతో చేపలు పట్టడం, మొదలుపెట్టిన మనవాళ్ళు ఎవరు కలిసినా రెండే ప్రశ్నలు, "అన్నా ఏ లూర్ (ఉత్తుత్తి ఎర) కొనాలి", "అన్నా ఏ బీచ్‌కి వెళ్ళాలి". జవాబు చెప్పడం కష్టమేం కాదు, చెప్తా కూడా, కానీ దానివల్ల పెద్దగా ఒరిగేదేం ఉండదు. నిన్న సాయంత్రం నాకు చేప పడ్డ చోటే ఇవాళ గాలి తిరిగిపోయుంటుంది, పోటు టైమ్ ఒక 50 నిమిషాలు ఆలస్యమై ఉంటుంది, మధ్యలో తుఫాను వచ్చిందంటే అడుగున ఇసుక కూడా నిన్నటిది కాదు. అక్కడ నిలబడ్డాక "ఇక్కడ కాదు, అటు పోదాం పద" అని లోపల్నుంచి ఒక మాట వస్తుంది చూడండి, చివరికి చేప పట్టించేది అదే. ఆ మాట అందరికీ వస్తుంది, కొత్తవాళ్ళు నమ్మరు, పాతవాళ్ళు నమ్ముతారు, తేడా అంతే అని నేను చాలా ఏళ్ళు అనుకున్నా, కానీ అది సగం నిజమే. ఆ మాటని తయారుచేసుకోవాలి, ఎలాగో చెప్తా.

ముందు చేప సంగతి. స్ట్రైప్డ్ బాస్, మనం స్ట్రైపర్ అంటాం, మేరీల్యాండ్ వైపు రాక్‌ఫిష్ అంటారు. వసంతంలో చీసాపీక్ బేలో కలిసే నదుల్లోకి, డెలావేర్‌లోకి, హడ్సన్‌లోకి ఎక్కి గుడ్లు పెడుతుంది, ఆ పని అయ్యాక పెద్ద చేపలు అమెరికా తూర్పు ఒడ్డు వెంబడే ఉత్తరానికి, మాంటాక్, బ్లాక్ ఐలాండ్, కేప్ కాడ్ దాకా, ఇంకా పైన మెయిన్ రాష్ట్రం దాకా పోతాయి, చలి మొదలైతే మళ్ళీ అదే దారిలో కిందకి. నేనుండేది న్యూజెర్సీ కాబట్టి నాకు రెండు సీజన్లు, ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒకటి, అక్టోబర్ చివర్నుంచి డిసెంబర్ దాకా ఒకటి. ఎక్కువగా తిరిగేది ఐలాండ్ బీచ్ స్టేట్ పార్క్, దాదాపు పది మైళ్ళ ఇసుక, బిల్డింగులు దాదాపు కనపడవు. పది మైళ్ళలో ఎక్కడ నిలబడాలో ఏ యాప్ చెప్పదు.

ఒక నవంబర్ సాయంత్రం గురించి కొంచెం వివరంగా రాస్తా, దాంట్లోనే అసలు విషయం ఉంది. చీకటి పడ్డానికి ఇంకా గంట ఉంది, పాటు మొదలై నీళ్ళు వెనక్కి లాగుతున్నాయి. పొద్దున చేపలు పడ్డ చోట ఇరవై మంది వరసగా నిలబడి వేస్తున్నారు, నేనూ వాళ్ళ పక్కనే చేరా, అరగంట వేసా, ఏం లేదు. అక్కడ నిలబడి ఉన్నానే గానీ కళ్ళు మాటిమాటికీ ఉత్తరం వైపుకే పోతున్నాయి, కారణం తెలీదు, అక్కడ మనిషి లేడు, పక్షులు నీళ్ళ మీద పడి పొడుస్తున్నదీ లేదు. ఇంక ఆగలేక రాడ్ భుజాన వేసుకుని నడిచా, ఒక నాలుగొందల అడుగులు ఉంటుందేమో. అక్కడ అలలు రెండు పక్కలా తెల్లగా విరుగుతున్నాయి, మధ్యలో ఒక ట్రక్కు వెడల్పున మాత్రం విరగడం లేదు, నురగంతా ఆ సందులోంచే సముద్రంలోకి పోతోంది. తడి ఇసుకలో నా బూటు పక్కన వేలెడంత శాండ్ ఈల్, పాములా సన్నగా ఉండే చిన్న చేప, ఒకటి మెలికలు తిరుగుతోంది. సీగల్స్ ఎగరడం లేదు, ఒడ్డున కూర్చుని అన్నీ ఒకే వైపు, సముద్రం కేసి చూస్తున్నాయి. నల్ల నీడిల్‌ఫిష్, సన్నగా పొడుగ్గా ఉండే లూర్, కట్టి, నేరుగా కాకుండా ఏటవాలుగా ఆ సందు అంచు వెంట పడేలా వేసి చాలా నెమ్మదిగా చుట్టా, మూడో క్యాస్ట్‌కి, అంటే మూడోసారి విసిరినప్పుడు, ఎవరో తలుపు మీద గుద్దినట్టు ఒక్క దెబ్బ. 34 అంగుళాల చేప, నీళ్ళలోనే హుక్ తీసి వదిలేసా, ఆ తర్వాత ఇంకో రెండు వచ్చాయి.

ఇంటికొచ్చి ఆలోచిస్తే అందులో మాయేం లేదు. అరగంట సేపు నా కళ్ళు ఆ విరగని అలని చూస్తూనే ఉన్నాయి, పక్షులు అన్నీ ఒకే చోటికి చేరడం చూసాయి, నేను గమనించానని నాకే తెలీదు. మనసు చెప్పింది అంటాం గానీ అది అంతకుముందు ఎన్నోసార్లు చూసి మర్చిపోయినవన్నీ కలిపి లోపల లెక్క కట్టేసి ఒక్క ముక్కలో చెప్పడమే. కాబట్టి చూడనివాడికి ఆ మాట రాదు, వచ్చినా అది ఉత్త కోరికే అవుతుంది. మొదటి పని చూడ్డం నేర్చుకోవడం.

దానికి మంచి దారి, రాడ్ లేకుండా పగలు, నీళ్ళు బాగా తగ్గినప్పుడు బీచ్‌కి వెళ్ళడం. అమావాస్యకి, పౌర్ణమికి దగ్గర్లో వెళ్తే నీళ్ళు మామూలు కంటే ఎక్కువ వెనక్కి పోతాయి, అడుగంతా కనిపిస్తుంది. ఒడ్డుకి సమాంతరంగా ఇసుక మెట్ట ఉంటుంది, దాన్ని బార్ అంటారు, బార్‌కీ ఒడ్డుకీ మధ్య పల్లం ఉంటుంది, బార్ తెగి నీళ్ళు లోపలికీ బయటికీ పోయే సందుని కట్ అంటారు. పల్లం స్ట్రైపర్‌కి రోడ్డు లాంటిది, కట్ ఆ రోడ్డెక్కే దారి. పోటులో అవన్నీ మునిగిపోయాక మీకు కనపడేది అలలు మాత్రమే, అల తెల్లగా విరిగితే కింద లోతు లేదు, విరక్కుండా ముదురు రంగులో సాగిపోతే కింద లోతుంది, అంత సింపుల్. వెనక ఇసుక దిబ్బ మీద ఏదో ఒక పోస్టునో కంచెనో గుర్తు పెట్టుకుని ఫోన్‌లో ఫోటో తీసుకోండి, రాత్రి వచ్చినప్పుడు ఆ గుర్తు పట్టుకుని నిలబడొచ్చు. ఒక గట్టి ఈశాన్యం గాలి తుఫాను, ఇక్కడివాళ్ళు నార్ ఈస్టర్ అంటారు, అది వచ్చి వెళ్తే మాత్రం ఆ ఫోటోలు డిలీట్ చేసి మళ్ళీ మొదలు.

కొన్ని లెక్కలు కూడా తలలో ఉండాలి, ఇవి తెలిస్తేనే మనసు మాటకి కాళ్ళుంటాయి. పోటుకీ పాటుకీ మధ్య దాదాపు ఆరు గంటల 12 నిమిషాలు, రేపటి పోటు ఇవాళ్టి కంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యం. నీళ్ళు 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక చేప చురుగ్గా తింటుంది, 55 నుంచి 65 మధ్య అయితే హాయి. ఇంకోటి, చాలామందికి తెలీనిది, మా జెర్సీ ఒడ్డున ఎండాకాలంలో దక్షిణం గాలి వరసగా కొన్ని రోజులు కొడితే పైనున్న వెచ్చటి నీళ్ళు సముద్రం లోపలికి జరిగిపోయి అడుగు నుంచి చల్లనీళ్ళు ఒడ్డుకి ఎగదన్నుకొస్తాయి, బయట ఎండ మండిపోతుంటే నీళ్ళలో కాలు పెడితే జివ్వుమంటుంది. తూర్పు గాలి తిరిగితే వెచ్చటి నీళ్ళు మళ్ళీ ఒడ్డుకొస్తాయి. నీళ్ళలో చెయ్యి పెట్టి చూడ్డం నాకు అలవాటైపోయింది, థర్మామీటర్ కూడా పెట్టుకుంటా, కానీ ముందు చెయ్యి పెట్టి ఒక అంకె అనుకుని తర్వాత థర్మామీటర్ చూస్తా, అలా చేస్తుంటే కొన్నాళ్ళకి చెయ్యే థర్మామీటర్ అవుతుంది.

ఇప్పుడు వేటకి వెళ్ళిన రోజు. కారు దిగ్గానే లూర్ కట్టొద్దు, ఇది నా గట్టి మాట. లీడర్, అంటే లైన్ చివర లూర్ కట్టే గట్టి దారం, ఖాళీగా వదిలేసి ఇసుక మీద పదిహేను నిమిషాలు నిలబడండి, రాత్రయితే లైట్ ఆపేసి. గాలి ఏ చెంపకి తగుల్తోందో చూస్కోండి. ముక్కుతో చూడండి, తినేటప్పుడు చెదిరిన చిన్న చేపల నూనె నీళ్ళ మీద తేలి గాలిలో పుచ్చకాయ కోసినట్టో కీరా కోసినట్టో వాసన వస్తుంది, మొదటిసారి నేను ఎవరో పక్కన ఏదో తింటున్నారనుకున్నా. చెవితో వినండి, అల పడే చప్పుడు వేరు, చేప తోకతో కొట్టిన చప్పుడు వేరు, అది టప్ మని పొడిగా ఉంటుంది. ఇసుకలో అల వెనక్కి పోయేటప్పుడు చిన్న చిన్న "వి" ఆకారం గీతలు కనిపిస్తే కింద మోల్ క్రాబ్స్, ఇసుకలో దూరే చిన్న పీతలు, ఉన్నాయి, స్ట్రైపర్ వాటి కోసం కాళ్ళ దగ్గరికే వస్తుంది. సెప్టెంబర్‌లో ముల్లెట్ చేపల గుంపులు ఒడ్డు వెంట పోతుంటాయి, తర్వాత పీనట్ బంకర్ అనే చిన్న చేపలు, చలి ముదిరాక శాండ్ ఈల్స్. ఏ మేత ఉందో తెలిస్తే లూర్ దానంతట అదే తేలిపోతుంది, సన్నగా పొడుగ్గా ఉన్న మేతకి నీడిల్‌ఫిష్ లాంటివి, లావు మేతకి మెటల్ లిప్ స్విమ్మరో (మూతికి రేకున్న లూర్) పెద్ద సాఫ్ట్ ప్లాస్టిక్కో (మెత్తటి లూర్), ఏదీ తెలియకపోతే తెల్ల బక్‌టెయిల్, అంటే జింక తోక వెంట్రుకలు కట్టిన లూర్, అది ఎక్కడైనా పనిచేస్తుంది. నీళ్ళు కదిలిస్తే మిణుగురుల్లా మెరిసే రాత్రులుంటాయి, అప్పుడు లూర్ వేగంగా లాగితే మంట గీసినట్టు కనిపించి చేప బెదురుతుంది, బాగా నెమ్మదిగా తిప్పాలి.

గేర్ గురించి రెండు ముక్కల్లో చెప్పేస్తా, తొమ్మిది పది అడుగుల రాడ్, 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన లైన్), 40 పౌండ్ల లీడర్, ఇవి చాలు. రాడ్ మీద పెట్టే డబ్బు కంటే బీచ్ మీద నడిచే అడుగులకి ఫలితం ఎక్కువ, ఇది నేను మనస్ఫూర్తిగా నమ్ముతా.

మొదటి క్యాస్ట్ నీళ్ళలోకి దిగి వెయ్యొద్దు. పొడి ఇసుక మీదే నిలబడి, ఒడ్డుకి సమాంతరంగా, దగ్గర్లోనే. రాత్రిపూట పెద్ద చేప మన కాళ్ళకి పదడుగుల దూరంలో మేస్తుంటుంది, మోకాళ్ళ దాకా దిగామంటే మనం దాని నెత్తి మీద నిలబడ్డట్టే. తర్వాత గడియారం ముల్లులా ఎడమ నుంచి కుడికి ఒక్కో వైపూ వేసుకుంటూ పొండి. అసలు విద్యంతా వేలి కొసలో ఉంది, లైన్ మీద చూపుడు వేలు పెట్టి ఉంచితే లూర్ ఎక్కడ బరువెక్కుతోందో తెలుస్తుంది, బరువెక్కిందంటే అక్కడ నీటి లాగుడు ఉంది, ఉన్నట్టుండి తేలికైందంటే ఆ లాగుడు అంచు దాటింది. ఆ అంచునే గుర్తు పెట్టుకోండి, స్ట్రైపర్ ఒళ్ళు అలవకుండా ఆ అంచు పక్కన కాచుకుని ఉండి కొట్టుకొచ్చే మేతని తింటుంది. ఇంకో పది క్యాస్టులు అదే అంచుకి వెయ్యండి. ఒక్కోసారి గడ్డి తగిలినట్టు మెత్తగా ఏదో ఆనుతుంది, గడ్డి కాదేమో అని లోపల అనిపిస్తే వెంటనే రాడ్ లాగండి, అనుమానం పెట్టుకుని ఆగితే ఉమ్మేసి పోతుంది.

మనసు అబద్ధం కూడా చెప్తుంది, ఆ సంగతి ఎవరూ రాయరు. "చేపలన్నీ దూరంగా ఉన్నాయి, ఇంకా దూరం వెయ్యి" అనేది ఒకటి, సముద్రం పెద్దది కాబట్టి మనకలా అనిపిస్తుంది, ఎక్కువసార్లు తప్పు. "ఈ లూర్ పనిచెయ్యట్లేదు, మార్చు" అనేది రెండోది, ఐదు క్యాస్టులకొకసారి మారుస్తూ పోతే రాత్రంతా ముళ్ళేస్తూనే గడిచిపోతుంది, నేనైతే లూర్ కంటే ముందు వేగం మారుస్తా, తర్వాత నిలబడ్డ చోటు, అప్పటికీ కాకపోతే లూర్. మూడోది చాలా బలమైనది, "పోయినేడు ఇక్కడే పడింది" అని కాళ్ళు కదలనివ్వదు. అది ప్రేమ, దాన్ని సమాచారం అనుకోకూడదు. తేడా ఎలా తెలుస్తుందంటే, మిమ్మల్ని మీరు "ఇప్పుడు ఇక్కడ ఏం చూసి అలా అనిపించింది" అని అడగండి, వెతికితే ఒక నురగో ఒక పక్షో ఒక చల్లదనమో దొరికితే ఆ మాట నిజమైంది, ఏం దొరక్కుండా ఆశ ఒక్కటే మిగిలితే వదిలెయ్యండి.

భయం విషయంలో మాత్రం కారణం అడక్కండి, వెంటనే వినండి. మూడేళ్ళ కింద సముద్రంలోకి కట్టిన ఒక రాళ్ళ గట్టు, జెట్టీ అంటారు, దాని మీదకి ఎక్కబోతూ లోపల ఎందుకో బెరుకుగా అనిపించింది, నీళ్ళు ప్రశాంతంగానే ఉన్నాయి కదా అని ఎక్కా, ఐదు నిమిషాలు బానే ఉంది, తర్వాత వరసగా మూడు పెద్ద కెరటాలొచ్చి మూడోది నడుము దాకా కొట్టింది, బూట్లకి స్పైక్స్, జారకుండా ఉండే ఇనప ముళ్ళు, ఉన్నాయి కాబట్టి రాళ్ళ సందులో కూలబడి పట్టుకున్నా, లేకపోతే ఇది రాయడానికి ఉండేవాణ్ణి కాదు. తర్వాత గుర్తొచ్చింది, ఎక్కేటప్పుడు చివరి రాళ్ళ పైభాగం తడిగా ఉంది, నేను చూసా, చూసి పట్టించుకోలేదు. రాళ్ళ పైన తడి ఉందంటే ఇంతకుముందే కెరటం అక్కడిదాకా వచ్చింది అని అర్థం. ఇప్పుడు ఏ జెట్టీ అయినా ఎక్కే ముందు పదిహేను నిమిషాలు కింద నిలబడి చూస్తా, స్పైక్స్ లేకుండా ఎక్కను, వేడర్స్, అంటే నీళ్ళు చొరని పొడుగు ప్యాంటు, మీద బెల్ట్ బిగించకుండా నీళ్ళలోకి దిగను, రాత్రి ఒంటరిగా అసలు ఎక్కను. 1982 సెప్టెంబర్ 21 రాత్రి అట్లాంటిక్ సిటీలో ఆల్ మెక్‌రేనాల్డ్స్ తుఫాను గాలిలో జెట్టీ మీద నిలబడి 78 పౌండ్ల 8 ఔన్సుల స్ట్రైపర్ పట్టాడు, 2011లో లాంగ్ ఐలాండ్ సౌండ్‌లో 81 పౌండ్ల 14 ఔన్సుల చేప పడేదాకా ప్రపంచ రికార్డు అదే. ఆ కథ విన్న ప్రతివాడికీ తుఫానులో రాళ్ళెక్కాలనిపిస్తుంది, నాకూ అనిపించింది. దాంట్లోంచి తీసుకోవాల్సింది గాలీ నురగా ఉన్నప్పుడు పెద్ద చేప ఒడ్డు దగ్గరికి వస్తుందన్న సంగతి, ఆ నురగని ఇసుక మీద నిలబడి కూడా వేటాడొచ్చు.

ఇవన్నీ ఒంటికి పట్టాలంటే ఒక నోట్‌బుక్ పెట్టండి. తేదీ, పోటు టైమ్, గాలి దిక్కు, నీటి వేడి, చంద్రుడు, కనపడ్డ మేత, ఇవి ఎవరైనా రాస్తారు. నేను ఇంకో గడి కలిపా, "వెళ్ళగానే ఏమనిపించింది". చేప పడకముందే, కారు దగ్గరే, ఒక్క ముక్క రాస్తా, "ఎడమ వైపు కట్ బాగుంది", "నీళ్ళు చచ్చిపోయినట్టున్నాయి" ఇలా. ముందే రాయాలి, చేప పడ్డాక రాస్తే "నాకు ముందే తెలుసు" అని రాసుకుంటాం. పడని రోజులు కూడా రాయాలి, నా పుస్తకంలో ఎక్కువ పేజీలు అవే. రెండు సీజన్ల తర్వాత తిరగేస్తే నాకు తెలిసిందేంటంటే పాటు మొదలైన మొదటి రెండు గంటల్లో నాకనిపించింది ఎక్కువగా నిజమవుతోంది, పోటులో అనిపించింది పెద్దగా అవడం లేదు, అంటే పోటులో నీళ్ళు చదవడం నాకింకా రాలేదు. పోయిన వసంతమంతా కావాలని పోటులోనే వెళ్ళా, ఇప్పుడు కొంచెం నయం.

మనసు మాట అస్సలు వద్దనే చోటు కొలత దగ్గర. 2023 నుంచి అట్లాంటిక్ ఒడ్డున సముద్రంలో పట్టే స్ట్రైపర్‌కి 28 అంగుళాలకి తగ్గకుండా, 31 లోపు ఉన్నది, మనిషికి రోజుకి ఒక్కటే అన్న రూల్ నడుస్తోంది, చూపుకి "30 ఉంటుందిలే" అనుకోకుండా టేప్ పెట్టండి, వెళ్ళే ముందు మీ రాష్ట్రం తాజా రూల్ కూడా చూస్కోండి. లూర్ కాకుండా నిజమైన ఎర వేస్తే సర్కిల్ హుక్, కొస లోపలికి తిరిగిన గుండ్రటి గాలం, తప్పనిసరి, న్యూజెర్సీలో ఉప్పునీటి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, అది ఫ్రీ. ఈ రూల్స్ ఊరికే రాలేదు, 1980ల్లో ఈ చేప దాదాపు తుడిచిపెట్టుకుపోయే స్థితికి వచ్చి 1984లో దీని కోసమే ఫెడరల్ చట్టం చేసారు, మేరీల్యాండ్ అయితే 1985 నుంచి 1990 దాకా వేటే ఆపేసింది. ఈ మధ్య మళ్ళీ చీసాపీక్‌లో పిల్ల చేపలు వరసగా కొన్నేళ్ళు చాలా తక్కువ పుట్టాయి. అందుకే నేను రూల్ ఒప్పుకున్నా సరే ఇంటికి తేవడం మానేసా, మీ ఇష్టం మీది.

వదిలేటప్పుడు తొందరపడొద్దు. ప్లగ్‌కి (గట్టి లూర్) ఉండే ట్రెబుల్ హుక్స్, అంటే మూడు కొసల గాలాలు, వాటి కొసల వెనక ముళ్ళు ముందే ప్లయర్స్‌తో నొక్కేసి ఉంచితే ఒక్క తిప్పుకి ఊడొస్తాయి. పొడి ఇసుక మీదకి ఈడ్చుకురాకండి, చేతులు తడుపుకుని పట్టుకోండి, ఫోటో కావాలంటే ముందే ఫోన్ రెడీగా పెట్టుకుని ఒక్కటి తీసి మళ్ళీ నీళ్ళలోకి. కింది పెదవిని బొటనవేలితో పట్టుకుని, తల కెరటానికి ఎదురుగా ఉండేలా, ఇంకో చెయ్యి పొట్ట కింద ఆనించి నిలబడండి. మొదట వేలాడిపోయినట్టు ఉంటుంది, మొప్పలు మెల్లగా తెరుచుకుంటాయి, ఒక నిమిషమో రెండు నిమిషాలో. తర్వాత గరుకు కాగితం లాంటి ఆ పళ్ళు మీ బొటనవేలిని గట్టిగా నొక్కుతాయి, తోక ఒక్క విసురు విసురుతుంది, అప్పుడు వేలు తీసెయ్యండి.